బాలింత దిగులు – దాని చరిత్ర

ఈ ఏటి సంచికకు చరిత్ర విషయమై ఒక వ్యాసం రాసి ఇవ్వవలసిందని సంఘం వారు మమ్మల్ని కోరారు. మేము ఉర్దూ మీడియం పాఠశాలలో సాంఘిక శాస్త్రం చెప్పుకునే వాళ్లం గనుక కర్నూలు నవాబుల గురించో, కొండారెడ్డి బురుజు గురించో రాస్తామని వారు అనుకుని ఉంటారు. అవి రాయగల పెద్దలు మనలో చాలామంది ఉన్నారు. మేము ఈసారి బాలింతల చరిత్ర ఎత్తుకున్నాము. పురుటి మంచం మీద ఉన్న తల్లి మనసుకు ఏమవుతుంది, ఎందుకవుతుంది అని మానవుడు రెండు వేల ఏళ్లకు పైగా వెతుకుతూ వచ్చిన చరిత్ర ఇది. చదువరులు, ముఖ్యంగా మగవారు, ఓపికతో చదవవలసిందిగా మనవి.

మా ఇంటి సంగతి

1991లో మా ఆపా తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. అప్పటికి మాకు పన్నెండేళ్లు. ఆడపిల్ల పుట్టింది. మూడోనాడు ఆపా ఊరికే కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆ మాత్రం ఎవరికైనా ఉంటుందిలే అన్నారు. రెండో వారం వచ్చేసరికి నిద్ర పూర్తిగా పోయింది. రాత్రంతా కూర్చుని గోడకేసి చూసేది. ఒకనాడు అమ్మీని దగ్గరికి పిలిచి, "ఈ బిడ్డ నా బిడ్డ కాదు, ఎవరో మార్చేశారు" అంది.

అప్పటినుంచి ఇంట్లో గుసగుసలు మొదలైనాయి. చిల్లా తీరకుండానే మాపటేళ దొడ్లోకి పోయింది, సాయా పడింది అన్నారు పెద్ద ఖాలా. దిండు కింద కత్తి పెట్టారు. లోబాన్ పొగ వేశారు. ఒక ఆమిల్ సాహెబును పిలిపించారు. ఆయన తావీజు కట్టి, నీళ్లు ఊది ఇచ్చి, డబ్బు తీసుకుని పోయారు. మూడు వారాలు అట్లా గడిచిపోయినాయి. ఒకనాడు ఫజర్ వేళ ఆపా బిడ్డనెత్తుకుని నూతిగట్టు దగ్గర నిలబడి ఉండగా వజూకు లేచిన అమ్మీ చూసింది. ఆ పూట మా ఇంట్లో పొయ్యి వెలగలేదు.

పక్క వీధిలో ఉండే ఒక నర్సమ్మ ఆ సంగతి విని తనంతట తానే వచ్చింది. "ఇది సాయా కాదమ్మా, బాలింత జబ్బు. పెద్దాసుపత్రికి తీసుకుపోండి, నయమవుతుంది" అని చెప్పింది. నయమైంది కూడా. కాకపోతే ఆరు నెలలు పట్టింది. ఈ లోపల "పిచ్చిపిల్లను అంటగట్టారు" అన్న మాట అత్తవారి వైపు నుంచి వచ్చింది. తలాక్ దాకా పోయిన మాటను మా దూల్హాభాయి ఒక్కరే అడ్డం నిలబడి ఆపారు. ఆపా ఇప్పుడు నానీ అయ్యింది. "రాయి బాబూ, నలుగురికీ తెలియనీ. నా పేరు మాత్రం వేయకు" అని ఆమె అన్న మీదటే ఇది రాస్తున్నాము.

ఆ మూడు వారాల ఆలస్యం, ఆ తర్వాతి అవమానం రెండూ తెలియనితనం వల్ల వచ్చినవే. పెద్దయి పుస్తకాలు తిరగేయడం మొదలుపెట్టాక మాకు ఒక ఆశ్చర్యం కలిగింది. మా ఇంట్లో ఎవరికీ తెలియని ఆ జబ్బు లోకానికి ఎప్పుడో తెలుసు.

పూర్వుల ఊహలు

క్రీస్తుకు పూర్వం 5వ శతాబ్దిలో గ్రీకు దేశంలో ఉండిన వైద్యుడు హిప్పోక్రటీసును మన హకీములు బుఖ్రాత్ అంటారు. ఆయన పేర వెలసిన గ్రంథాలలో సైజికస్ అనే పట్టణంలో కవల ఆడపిల్లల్ని కన్న ఒక స్త్రీ ముచ్చట ఉంది. కష్టమైన కాన్పు, జ్వరం, నిద్రలేమి, తర్వాత మతి చలించడం. పదిహేడోనాడు ఆమె చనిపోయింది. వైద్యుడు రోజురోజూ చూసింది చూసినట్లు రాసి పెట్టాడు. కారణం మాత్రం ఆయన కాలానికి తగ్గట్టుగానే ఊహించారు. స్త్రీకి రొమ్ముల దగ్గర రక్తం చేరితే అది ఉన్మాదానికి గుర్తు అన్నారు. తర్వాతి వారు పాలు దారి తప్పి తలకెక్కుతాయని నమ్మారు. ఈ నమ్మకం ఐరోపాలో 18వ శతాబ్ది దాకా పోలేదు.

గ్రీకుల విద్యను అరబ్బు, ఇరానీ హకీములు అందుకున్నారు. 1037లో కాలధర్మం చెందిన ఇబ్న్ సీనా రాసిన అల్ ఖానూన్ శతాబ్దాల పాటు ఐరోపా వైద్య విద్యాలయాల్లో పాఠ్యగ్రంథంగా ఉండింది. మనసు కుంగిపోవడాన్ని ఈ హకీములు శరీర ధాతువుల మార్పు వల్ల వచ్చే రోగంగా చూశారు, దానికి మందు, పథ్యం రాశారు. 1284లో కైరోలో సుల్తాన్ ఖలావూన్ కట్టించిన బీమారిస్తాన్‌లో మనోరోగులకు వేరే విభాగం ఉండేది. 1488లో తుర్కీలోని ఎదిర్నెలో సుల్తాన్ రెండవ బాయజీద్ కట్టించిన ఆసుపత్రిలో సంగీతం, నీటి చప్పుడు వినిపించి రోగుల మనసును నెమ్మదింపజేసేవారు.

ఈ పేర్లు మన సభల్లో గర్వంగా చెప్పుకుంటాము. మంచిదే. కాని ఏడు వందల ఏళ్ల కిందట మనోరోగికి మంచం వేసి మందిచ్చిన వారి వారసులమని చెప్పుకుంటూ 1991లో మేము మా ఆపా దిండు కింద కత్తి పెట్టాము. ఈ రెండింటికీ పొంతన ఎక్కడ?

ఇంకొక్క మాట. సూరా మర్యమ్‌లో ప్రసవ వేదన పడుతున్న హజ్రత్ మర్యమ్ అలైహస్సలామ్ తాను ఇంతకు ముందే చనిపోయి ఉంటే బాగుండేదని వాపోయిన ఘట్టం ఉన్నది. ఆ మాటకు అక్కడ మందలింపు రాలేదు. దిగులుపడవద్దన్న ఊరట, తాగడానికి నీళ్లు, తినడానికి ఖర్జూరాలు వచ్చినాయి. మన ఇళ్లల్లో ఒక బాలింత అదే మాట అంటే మనం ఏమంటున్నామో ఎవరికి వారే ఆలోచించుకోవాలి.

పారిస్ నగరపు లెక్కలు

ఈ జబ్బును లెక్కగట్టి చూసిన మొదటి వారిలో ఫ్రాన్సు దేశపు వైద్యుడు ఎస్కిరోల్ ఒకరు. పారిస్‌లో సాల్పెత్రియేర్ అనే పెద్ద స్త్రీల ఆసుపత్రిలో 1811 నుంచి 1814 వరకు నాలుగేళ్లలో మతి చలించి చేరిన స్త్రీలు 1,119 మంది. వారిలో 92 మందికి ఆ జబ్బు కాన్పు తర్వాతనో, పాలిచ్చే రోజుల్లోనో వచ్చిందని ఆయన లెక్క తేల్చారు. అంతకంటె విలువైన మాట ఇంకొకటి చెప్పారు. ఆసుపత్రి దాకా వచ్చేవారు కొద్దిమందే, ఇళ్లలోనే ఉండిపోయి ఏ లెక్కకూ ఎక్కనివారు ఇంకా ఎక్కువమంది అని. ఆ మాట నేటికీ చెల్లుతుంది.

ఆయన తర్వాత లూయీ విక్తర్ మార్సే అనే యువ వైద్యుడు 1858లో గర్భిణులు, బాలింతలు, పాలిచ్చే తల్లుల ఉన్మాదం గురించే ఒక పూర్తి గ్రంథం ప్రకటించారు. అప్పటికి ఆయనకు ముప్ఫై ఏళ్లు. 310 మంది స్త్రీల వివరాలు అందులో ఉన్నాయి. సగానికి పైగా కాన్పు కాగానే జబ్బు పడినవారు, మూడోవంతు దాకా పాలిచ్చే నెలల్లో పడినవారు, మిగిలిన కొద్దిమంది గర్భంతో ఉండగానే పడినవారు. గర్భాశయానికీ మనసుకూ నడుమ ఏదో కంటికి కనబడని సంబంధం ఉందని మార్సే గట్టిగా అనుమానించారు. అదేమిటో చూపించే సాధనం ఆ కాలంలో లేదు. 1864లో ముప్ఫై ఆరేళ్లకే ఆయన చనిపోయారు. 1980లో బాలింతల మనోరోగాలపై పనిచేసే వైద్యులు ఒక అంతర్జాతీయ సంఘం పెట్టుకుని దానికి మార్సే పేరే పెట్టారు.

ఇక్కడ ఒక చిక్కు విడదీయాలి. ఆ రోజుల్లో బాలింతలు సూతికా జ్వరంతో వందలుగా చనిపోయేవారు. ఆ జ్వరంలో సన్నిపాతం కమ్మి మాటలు తప్పేవి. 1847లో వియన్నా నగరంలో సెమ్మెల్‌వైస్ అనే వైద్యుడు, కాన్పు చేసేవారు క్లోరిన్ కలిపిన నీళ్లతో చేతులు కడుక్కుంటే ఈ జ్వరం తగ్గిపోతుందని నిరూపించారు. తర్వాతి కాలంలో శుభ్రత పెరిగి జ్వరం తగ్గింది, జ్వరం వల్ల వచ్చే సన్నిపాతమూ తగ్గింది. అయినా ఒళ్లు చల్లగా ఉన్న తల్లుల్లో కొందరికి నిద్ర పోవడం, దిగులు కమ్మడం, మతి చలించడం ఆగలేదు. అంటే దీని వేరు ఇంకెక్కడో ఉందన్నమాట.

హార్మోను అంటే ఏమిటి

1905లో లండన్‌లో స్టార్లింగ్ అనే శాస్త్రజ్ఞుడు హార్మోను అనే పేరును వాడుకలోకి తెచ్చారు. కదిలించేది, పురికొల్పేది అని ఆ గ్రీకు మాటకు అర్థం. శరీరంలో ఒకచోటి గ్రంథి కొద్దిగా ఒక రసం రక్తంలోకి వదిలితే అది ఇంకెక్కడో ఉన్న అవయవానికి పోయి పని చెబుతుంది. బడిలో హెడ్మాస్టరుగారు కదలకుండా కూర్చుని ప్యూను చేత చీటీ పంపితే తరగతుల్లో పనులు జరుగుతాయే, అట్లాంటిది.

1929లో అమెరికాలో డాయిసీ, జర్మనీలో బ్యుటెనాంట్ ఎవరికి వారే గర్భిణుల మూత్రం నుంచి ఈస్ట్రోజన్ జాతి హార్మోనును శుద్ధంగా వేరుచేశారు. 1934లో గర్భాన్ని నిలబెట్టే ప్రొజెస్టెరోన్ హార్మోను శుద్ధరూపంలో చేతికి వచ్చింది. ఈ పరిశోధనలకు బ్యుటెనాంట్‌కు 1939లో నోబెల్ బహుమతి ప్రకటించారు. మార్సే వెతికిన కనబడని తాడు వీరి చేతికి దొరికింది.

గర్భం దాల్చిన మొదటి వారాల్లో ప్రొజెస్టెరోన్‌ను అండాశయమే తయారుచేస్తుంది. రెండు మూడు నెలలకు ఆ పనిని మాయ తన చేతిలోకి తీసుకుంటుంది. నెలలు నిండేసరికి తల్లి రక్తంలో ఈస్ట్రోజన్ వంద రెట్ల దాకా, ప్రొజెస్టెరోన్ ఎన్నో రెట్లు పెరిగి ఉంటాయి. ఇన్ని నెలలు వాటికి అలవాటుపడిన మెదడు ఒక స్థాయిలో కుదురుకుని ఉంటుంది. బిడ్డ పుట్టి మాయ పడిపోగానే ఆ కార్ఖానా మూతపడినట్లే. కొద్ది రోజుల్లోనే రెండు హార్మోన్లూ మామూలు స్థాయికి పడిపోతాయి. తొమ్మిది నెలలు ఎక్కిన మెట్లన్నీ వారం తిరక్కుండా దిగడమన్నమాట. స్త్రీ జీవితంలో ఇంత తక్కువ రోజుల్లో ఇంత పెద్ద మార్పు మరెప్పుడూ రాదు. సగానికి పైగా బాలింతలు మూడో నాడో, నాలుగో నాడో కారణం లేకుండా కన్నీళ్లు పెట్టుకోవడానికి ఈ హఠాత్తు పతనమే మూలమని వైద్యులు భావిస్తున్నారు.

ఇక్కడ తెలివైన విద్యార్థి ఒక ప్రశ్న వేస్తాడు. మాష్టారూ, హార్మోన్లు అందరు తల్లులకూ పడిపోతాయి గదా, జబ్బు కొందరికే ఎందుకు? సరిగ్గా ఈ ప్రశ్నకే అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థలో బ్లాక్, ష్మిట్, రుబినో మొదలైనవారు ఒక ప్రయోగం చేసి 2000లో ఫలితం ప్రకటించారు. గర్భం లేని 16 మంది స్త్రీలను తీసుకున్నారు. అందులో 8 మందికి గతంలో కాన్పు తర్వాత కుంగుబాటు వచ్చి తగ్గింది, 8 మందికి ఎప్పుడూ రాలేదు. అందరికీ గర్భంలో ఉన్నట్లుగా రెండు హార్మోన్లూ ఎనిమిది వారాలు ఇచ్చి ఒక్కసారిగా ఆపేశారు. ఎప్పుడు ఆపారన్నది వారికి తెలియనివ్వలేదు. గతంలో జబ్బు చేసిన ఎనిమిది మందిలో ఐదుగురికి మనసు మళ్లీ కుంగింది. రెండో ఎనిమిది మందిలో ఒక్కరికీ ఏమీ కాలేదు.

మన ఊళ్లో కె.సి. కాలువకు నీళ్లు కట్టేసినప్పుడు చూస్తుంటాము. అదే కాలువ, అదే రోజు. కొన్ని బావులు చూస్తుండగానే అడుగంటుతాయి, కొన్నింట్లో నీటిమట్టం కదలదు. లోపలి నేలను బట్టి ఉంటుంది. తల్లుల సంగతీ అంతే. హార్మోను పడిపోవడం అందరికీ ఒకటే. ఆ మార్పును మెదడు తట్టుకునే తీరు ఒక్కొక్కరిలో ఒక్కొక్కటి. ఇందులో తల్లి తప్పు గాని, పెంపకం లోపం గాని, ఈమాన్ తక్కువ కావడం గాని ఏమీ లేదు.

మందుల దారి

హార్మోను తగ్గింది గనుక హార్మోనే ఇస్తే సరి అనుకున్న వైద్యులు లేకపోలేదు. బ్రిటన్‌లో కాథరీనా డాల్టన్ అనే లేడీ డాక్టరు చాలా ఏళ్లు ప్రొజెస్టెరోన్ చికిత్సను ప్రచారం చేశారు. కాని దక్షిణాఫ్రికాలో చేసి 1998లో ప్రకటించిన పరీక్షలో, కాన్పు కాగానే కృత్రిమ ప్రొజెస్టెరోన్ జాతి ఇంజెక్షను ఇచ్చిన తల్లుల్లో కుంగుబాటు తగ్గలేదు సరికదా, పెరిగింది. శరీరం లెక్క మనం అనుకున్నంత తేలిక కాదు.

అసలు కీలకం ప్రొజెస్టెరోన్ నుంచి శరీరంలో తయారయ్యే అల్లోప్రెగ్ననలోన్ అనే ఇంకో పదార్థంలో ఉన్నట్లు కనబడుతున్నది. ఇటువంటి పదార్థాలు మెదడులో కంగారును అణిచే గాబా వ్యవస్థకు బలమిస్తాయని 1986లో వెల్లడైంది. కాన్పుతో ఇదీ పడిపోతుంది. ఈ పదార్థాన్నే 60 గంటలపాటు నరంలోకి ఎక్కించే మందును అమెరికా ప్రభుత్వం 2019 మార్చిలో అనుమతించింది. అదే తీరుగా పనిచేసే, 14 రోజులు వాడే మాత్రను 2023 ఆగస్టులో అనుమతించింది. ఖరీదైన కొత్త మందుల మాట అట్లా ఉంచితే, పాత మందులూ ఓపికగా మాట్లాడే చికిత్సా చాలామంది తల్లులకు పనిచేస్తాయి. డాక్టరు సలహాతో బిడ్డకు పాలిస్తూనే వాడదగిన మందులు ఉన్నాయి. ఇది తెలియక మందు మానేసేవారు చాలామంది.

ఇంకో రెండు గ్రంథుల మాట కూడా చెప్పాలి. కాన్పు తర్వాత కొందరికి థైరాయిడ్ గ్రంథి కొన్నాళ్లు అదుపు తప్పుతుంది. అలసట, దిగులు, గుండెదడ వస్తాయి. ఒక రక్తపరీక్షతో తెలిసిపోతుంది. కాన్పులో రక్తం విపరీతంగా పోయిన తల్లికి మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి దెబ్బతినవచ్చునని షీహన్ అనే బ్రిటిష్ వైద్యుడు 1937లో చూపించారు. పాలు పడకపోవడం, ఎప్పుడూ చలి, లేవలేనంత నీరసం దాని గుర్తులు. అటువంటి తల్లిని మనవాళ్లు "బద్ధకం, మందమతి" అనేస్తారు. పాపం, గ్రంథి దెబ్బతిన్నదని ఎవరు చూశారు?

హార్మోను ఒక్కటేనా?

ఇంతవరకు చదివి, అంతా రక్తంలోనే ఉందన్నమాట, మనం చేయగలిగింది ఏమీ లేదు అనుకుంటే పొరపాటు. చరిత్రలో రెండో సగం ఇక్కడే మొదలవుతుంది.

జాన్ కాక్స్ అనే ఆంగ్ల వైద్యుడు 1970ల్లో ఆఫ్రికాలో ఉగాండా దేశంలో పనిచేశారు. ఈ జబ్బు తెల్లవారి దేశాలదేనని అప్పట్లో కొందరనుకునేవారు. కాక్స్ చూస్తే అక్కడి పల్లె తల్లుల్లోనూ అది ఉంది. దానికి అమకీరో అని వారి భాషలో ఒక పేరు కూడా ఉంది. స్వదేశం వెళ్లాక ఆయన, ఇంకో ఇద్దరు కలిసి 1987లో ఎడిన్‌బరో ప్రశ్నావళి తయారుచేశారు. గడిచిన ఏడు రోజుల గురించి పది చిన్న ప్రశ్నలు, అంతే. నవ్వగలిగావా, నిద్ర పట్టిందా, ఊరికే నిన్ను నీవు నిందించుకున్నావా, నీకు నీవు హాని చేసుకోవాలనిపించిందా అన్న తీరుగా ఉంటాయి. ఉర్దూతో సహా చాలా భాషల్లోకి అది తర్జుమా అయ్యింది.

మన దేశంలో గోవాలో 270 మంది తల్లులను పరిశీలించి 2002లో ఒక నివేదిక వెలువరించారు. కాన్పైన ఆరు నుంచి ఎనిమిది వారాలకు వారిలో నూటికి 23 మంది కుంగుబాటులో ఉన్నారు. ఎవరికి ఎక్కువగా వచ్చిందో చూస్తే పేదరికంలో ఉన్నవారు, భర్తతో పొత్తు కుదరనివారు, కొడుకు కావాలనుకున్న ఇంట్లో కూతుర్ని కన్నవారు. ఎక్కువమందిలో గర్భంతో ఉన్నప్పుడే ఆ ఛాయలు ఉన్నాయట. అదే ఏడాది తమిళనాడులో వెల్లూరు ప్రాంతపు పల్లెల నుంచి వచ్చిన పరిశోధన కూడా ఇంచుమించు ఇదే చెప్పింది. తక్కువ రాబడి, ఆడపిల్ల పుట్టడం, అత్తతోనో కన్నవారితోనో పొసగకపోవడం అని. 2017లో భారతదేశపు 38 పరిశోధనలను, ఇరవై వేల మంది తల్లుల వివరాలను ఒకచోట చేర్చి చూస్తే సగటున నూటికి 22 మంది తేలారు. మన పేటలో ఏడాదికి నూరు పురుళ్లు జరుగుతాయనుకుంటే ఇరవై మంది తల్లులు లోలోపల కుంగుతున్నారని అర్థం. మనకు తెలిసింది ఎందరు?

హార్మోను పడిపోకుండా మనం ఆపలేము. ఆడపిల్ల పుట్టిందని మొహం మాడ్చుకోకుండా ఉండడం మన చేతిలోనే ఉంది.

చిల్లా గురించి

మన పెద్దలు నలభై రోజుల చిల్లా పెట్టారు. నిఫాస్ గరిష్ఠ కాలం నలభై రోజులని హనఫీ ఫిఖ్హ్ చెబుతుంది. ఆ రోజుల్లో నమాజు, రోజాల బాధ్యత కూడా లేదు. పొరుగున ఉన్న హిందూ ఇళ్లలోనూ బాలింతకు విశ్రాంతి, పథ్యం, వాము, నీళ్లుపోయడం ఉన్నాయి. ఇవన్నీ మంచి ఆచారాలే. తల్లిని పనికి దూరంగా ఉంచుతాయి, పుట్టింటి నీడనిస్తాయి.

కాని రెండు లోపాలున్నాయి. మొదటిది, ఆ నలభై రోజులూ అందరూ బిడ్డను చూడటానికే వస్తారు. తల్లిని అడిగేది "పాలు పడుతున్నాయా?" అన్న ఒక్క ప్రశ్నే. రెండోది, నలభయ్యో రోజు తలస్నానం చేయించి, వచ్చినవాళ్లంతా ఎవరిళ్లకు వాళ్లు పోతారు. కుంగుబాటు క్యాలెండరు చూసుకుని రాదు. కాన్పైన ఏడాది లోపల ఎప్పుడైనా రావచ్చు. చిల్లా ముగిసి, తల్లి అత్తింటికి పోయి, చాకిరీలో పడ్డ రెండో నెలలోనో మూడో నెలలోనో అది ముదిరితే కనిపెట్టేవారు ఉండరు.

ఎట్లా గుర్తుపట్టాలి

దీనిని మూడు మెట్లుగా చెప్పుకోవచ్చు. మొదటిది మూడో నాటి నుంచి వచ్చే కన్నీళ్ల దిగులు. రెండు వారాల్లోగా దానంతట అదే పోతుంది. మందు అక్కరలేదు, మంచి మాట చాలు. రెండోది కుంగుబాటు. రెండు వారాలు దాటినా దిగులు వదలకపోవడం, బిడ్డ పడుకున్నా తల్లికి నిద్ర పట్టకపోవడం, తిండి సయించకపోవడం, దేనిమీదా మనసు లేకపోవడం, నేను పనికిరాని తల్లిని అనుకోవడం. దీనికి డాక్టరు కావాలి. మూడోది ఉన్మాదం. వెయ్యి కాన్పుల్లో ఒకటి రెండింటిలోనే వస్తుంది, ఎక్కువగా మొదటి రెండు మూడు వారాల్లోనే. నిద్ర బొత్తిగా పోవడం, లేనివి కనబడటం వినబడటం, బిడ్డను మార్చేశారనడం. మా ఆపాకు వచ్చింది ఇదే. ఇందులో తల్లికీ బిడ్డకూ ప్రాణాపాయం ఉంది. రేపు చూద్దామనకూడదు, తల్లిని ఒంటరిగా వదలకూడదు, ఆ పూటే ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఒకసారి వచ్చినవారికి మళ్లీ కాన్పులో వచ్చే అవకాశం ఎక్కువ గనుక గర్భం రాగానే డాక్టరుకు ఆ మాట ముందే చెప్పాలి.

ఆసుపత్రికి పంపితే బిడ్డను విడదీస్తారన్న భయం చాలామందిలో ఉంది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం చికిత్స పొందుతున్న తల్లి నుంచి మూడేళ్ల లోపు బిడ్డను మామూలుగా వేరుచేయకూడదు. బెంగుళూరులోని నిమ్హాన్స్ సంస్థలో 2009 నుంచి తల్లీబిడ్డలకు కలిపి వార్డు నడుస్తున్నది. 2022లో కేంద్ర ప్రభుత్వం పెట్టిన టెలి మానస్ ఫోను నంబరు 14416. రాత్రీ పగలూ ఉచితంగా మాట్లాడవచ్చు.

రావల్పిండి పాఠం

చివరిగా మన సంఘానికి పనికివచ్చే ముచ్చట ఒకటి చెప్పి ముగిస్తాము. పాకిస్తాన్‌లో రావల్పిండి జిల్లా పల్లెల్లో ఆతిఫ్ రహ్మాన్ అనే డాక్టరు, ఆయన సహచరులు ఒక పని చేశారు. అక్కడ మానసిక వైద్యులు లేరు. ఇంటింటికీ తిరిగే లేడీ హెల్త్ వర్కర్లు ఉన్నారు, మన ఆశా కార్యకర్తల వంటివారు. వారు పెద్ద చదువులు చదివినవారు కారు. కుంగిన తల్లితో ఎట్లా మాట్లాడాలో, ఇంటివారిని ఎట్లా కలుపుకోవాలో వారికి నేర్పారు. బొమ్మలతో పుస్తకం ఇచ్చారు. ఒక్కొక్క తల్లి దగ్గరికి పదహారుసార్లు వెళ్లి కూర్చున్నారు. పిచ్చి, జబ్బు అన్న మాట లేకుండా, బిడ్డ బాగుండాలంటే తల్లి బాగుండాలి అన్న మాటతో గడప దాటారు. 903 మంది తల్లులతో చేసిన ఈ పరీక్ష ఫలితం 2008లో ప్రకటించారు. ఆరు నెలలకు మామూలుగా వదిలేసిన వారిలో నూటికి 53 మంది ఇంకా కుంగుబాటులోనే ఉండగా, ఇట్లా మాట్లాడినవారిలో 23 మందే మిగిలారు. వారి పిల్లలకు విరేచనాలు కూడా తగ్గినాయి. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ పద్ధతినే పుస్తకంగా లోకానికంతా అందించింది.

మన సంఘం స్కాలర్‌షిప్పులు ఇస్తున్నది, కుట్టు మిషన్లు ఇస్తున్నది. సంతోషం. మా మనవి ఒక్కటే. మహిళా విభాగం నుంచి పదిమంది అక్కచెల్లెళ్లు ముందుకు వచ్చి, ఆ పది ప్రశ్నలు నేర్చుకుని, మన పేటలో పురుడైన ప్రతి ఇంటికీ చిల్లాలో ఒకసారి, చిల్లా దాటిన రెండు నెలలకు ఒకసారి వెళ్లి తల్లి పక్కన కూర్చుంటే చాలు. పెద్దాసుపత్రికి వెళ్లవలసిన తల్లికి దారి ఖర్చు సంఘం నిధి నుంచి ఇస్తే ఇంకా మేలు. ఇమాము సాహెబులు ఏడాదికి ఒక జుమా బయానులో ఈ సంగతి చెబితే మగవారి చెవిన పడుతుంది. తావీజు కట్టుకునేవారిని మేము కాదనము, మందు మాత్రం మానవద్దంటున్నాము.

ఆనాడు "నా బిడ్డ కాదు" అన్న ఆ బిడ్డే మా మేనకోడలు. 2016లో ఆమె మా ఆపా ఇంట్లో పురుడు పోసుకుంది. చూడటానికి వచ్చిన ఆడవాళ్లందరూ పసిబిడ్డ చుట్టూ మూగారు. ఆపా మాత్రం కూతురి మంచం అంచున కూర్చుని తల నిమురుతూ, "రాత్రి నిద్ర పట్టిందా బేటీ?" అని అడిగింది. నలభై రోజులూ రోజూ అడిగింది. చిల్లా తీరి కూతురు అత్తింటికి పోయాక ఫోనులోనూ అడిగింది.

ఆ ప్రశ్న మన ఇళ్లన్నిటిలో వినబడాలని అల్లాహ్‌ను వేడుకుంటూ సెలవు తీసుకుంటున్నాము.